ఫోటో ఎవరిదో చెప్పినందుకే పక్కన పెడతారా? చిత్రకళా పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చిత్రకళా పోటీలు, ప్రదర్శనలు నిర్వహించే పెద్దలకు, వాటిలో బహుమతులు నిర్ణయించే న్యాయనిర్ణేతలకు,

నమస్కారం.

మీలో చాలామంది జీతం భత్యం లేకుండా, సొంత పనులు మానుకుని ఈ పోటీలు నడుపుతున్నారని తెలుసు. అందుకే ముందు విడిగా రాశాను. జవాబు రాకపోతే గుర్తు చేశాను. "అందింది" అన్న ఒక్క ముక్క కూడా రాలేదు. ఇక అందరి ముందూ పెట్టడం తప్ప దారి కనబడలేదు. ఏ సంస్థ పేరూ రాయడం లేదు. నేను చూసిన ఎంట్రీ ఫారాల్లో దాదాపు అన్నిటిదీ ఇదే తీరు కాబట్టి ఒక్కరిని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

సంగతి ఇదీ. నేను ల్యాండ్‌స్కేప్‌లు వేస్తాను. కొండలు, సరస్సులు, మంచు మైదానాలు, ఎడారులు. వాటిలో చాలా చోట్లకు నేను వెళ్లలేదు, వెళ్లే వీలూ లేదు. ప్రయాణాలు చేసేవాళ్లు తీసిన ఫోటోలు చూసి వేస్తాను. వేసే ముందు ఫోటో తీసినవాళ్లను అడుగుతాను. సరేనంటేనే బ్రష్ పట్టుకుంటాను. బొమ్మ వెనకా, లేబుల్ మీదా వాళ్ల పేరు రాస్తాను. అలా వేసిన ఒక బొమ్మను, అనుమతి ఇచ్చిన మెసేజ్ ప్రింట్ తీసి జతచేసి, ఒక పోటీకి పంపాను. "ఒరిజినల్ కాదు" అని తిప్పి పంపారు.

సరే, నిబంధన నిబంధనే అనుకుని ఊరుకుందును. కానీ ఆ ప్రదర్శన చూడ్డానికి వెళ్లినప్పుడు బహుమతి పొందిన బొమ్మల్లో ఒక సూర్యోదయం కనిపించింది. చేయి తిరిగిన పనే, కాదనను. దగ్గరికెళ్లి చూస్తే సూర్యుడికి ఎదురు మూలన, గడ్డి మీద, ఒక చిన్న ఆకుపచ్చ చుక్క ఉంది. అది పువ్వు కాదు, పురుగు కాదు. సూర్యుడికి ఎదురుగా కెమెరా పెడితే లెన్స్ లోపలి అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి ఫోటోలో పడే చుక్క అది. అక్కడ నిలబడి కంటితో చూసినవాళ్లకు అది కనబడదు. ఆ బొమ్మ కింద లేబుల్ మీద చిత్రకారుడి పేరు, సైజు, "కాన్వాస్‌పై ఆక్రిలిక్" అని ఉన్నాయి. ఫోటో ఎవరిదో లేదు.

ఆ చిత్రకారుణ్ణి పట్టివ్వడానికి ఈ లేఖ రాయడం లేదు. అది ఆయన సొంత ఫోటోయే కావచ్చు. అనుమతి తీసుకునే వేసి ఉండొచ్చు. మీ ఫారం ఆయన్ని ఆ ప్రశ్న అడగనే లేదు, ఆయన చెప్పనూ లేదు. నన్నూ అడగలేదు, నేనే చెప్పాను. అదే నా నేరమైంది. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఫోటో చూసి వేసేది అసలు కళే కాదన్న వాదన ఒకటుంది. దాని మీద రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. ఫ్రెంచి చిత్రకారుడు మారీస్ ఉత్రిల్లో పారిస్‌లోని మోంమార్త్ర్ వీధుల్ని పోస్టుకార్డులు ముందు పెట్టుకుని వేసేవాడు. మరో ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ 1879-80 ప్రాంతంలో వేసిన ఫోంతెన్‌బ్లో అడవిలోని కరిగే మంచు చిత్రానికి ఆధారం ఒక ఫోటో. అమెరికా చిత్రకారుడు థామస్ మోరాన్ సంగతి ఇంకా విచిత్రం. 1871లో యెల్లోస్టోన్ గురించి ఒక పత్రికా వ్యాసానికి బొమ్మలు వేసేనాటికి ఆయన ఆ చోటు చూడనే లేదు. వెళ్లొచ్చినవాళ్లు గీసుకొచ్చిన ముతక స్కెచ్‌లను బాగుచేసి వేశాడు. అదే ఏడాది వేసవిలో స్వయంగా వెళ్లాడు, పక్కనే ఫోటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ ఉన్నాడు. వీళ్ల బొమ్మలూ ఫోటోలూ అమెరికా కాంగ్రెస్ సభ్యులు చూశారు. 1872లో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం అయింది. కాబట్టి ఇతరులు చూసింది చూసి వేయడం కొత్త రోగమేమీ కాదు.

ఇక శ్రమ సంగతి. ఫోటో చూసి వేయడమంటే రంగుల జిరాక్స్ తీయడం అనుకుంటారు కొందరు న్యాయనిర్ణేతలు. గ్రిడ్ గీసుకుని గడికి గడి దింపేవాళ్లు, ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద పడేసి గీతలు తిప్పేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ ఫోటోలో ఉన్నదంతా నమ్మి వేస్తే ల్యాండ్‌స్కేప్ చచ్చిపోతుంది. కెమెరా వెలుగును, చీకటిని ఒకేసారి సరిగ్గా పట్టుకోలేదు. ఆకాశం బాగా వస్తే చెట్ల కింద నీడ నల్లటి ముద్దవుతుంది, నీడ తేటగా వస్తే ఆకాశం పాలిపోతుంది. మన కంటికి ఆ నీడలోనే నీలం, ఊదా, ముదురు ఆకుపచ్చ కనిపిస్తాయి. వైడ్ యాంగిల్ లెన్స్ దూరపు కొండను చిన్నది చేస్తుంది. టెలిఫోటో దాన్నే దగ్గరికి లాగి ముందున్న ఇళ్ల నెత్తిన కూర్చోబెడుతుంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీస్తే జలపాతంలో చుక్కలన్నీ పోయి తెల్లటి పొగ మిగులుతుంది. వీటన్నిటినీ గుర్తుపట్టి సరిచేయాలి. చూడని చోటుని సరిచేయాలి, అదీ ఇక్కడి కష్టం.

మీరు తిప్పి పంపిన బొమ్మ ఒక కొండ సరస్సుది. ఫోటో చూడగానే నాకు మూడు అనుమానాలు వచ్చాయి. నీళ్లకున్న ఆ పాలు కలిపినట్టుండే నీలం నిజమా, ఎడిటింగా? ఆకాశం అంత నారింజ రంగులో ఉందా? ఎడమ వైపు చెట్ల కింద ఆ నల్లటి ముద్దలో ఏముంది? ఫోటోగ్రాఫర్‌నే అడిగాను. నీళ్ల రంగు నిజమేనన్నారు. పైన హిమానీనదం కదులుతూ రాతిని అరగదీస్తుంది, ఆ మెత్తటి పొడి నీళ్లలో తేలుతుంది, అందుకే ఆ రంగట. నారింజ మాత్రం తనే పెంచానని నవ్వుతూ ఒప్పుకున్నారు. చెట్ల కింద సన్నటి వాగు ఉందని, ఫోటోలో పడలేదని చెప్పారు. ఆకాశాన్ని బూడిద రంగు కలిపి దించాను. వాగును తెచ్చాను. ఫ్రేమును ఎడమకు జరిపాను, దూరపు కొండను కొంచెం లేతగా, నీలంగా వెనక్కి నెట్టాను. బొమ్మ పంపితే ఆయన "నేను అక్కడ చూసింది ఇదే" అన్నారు. అడగడం వల్ల మర్యాద ఒక్కటే దక్కలేదు, బొమ్మే బాగుపడింది. అడగకుండా వేసేవాళ్లకు ఆ వాగు ఎప్పటికీ దొరకదు.

ఇక చట్టం. చిత్రకారుల్లో ఒక మాట బాగా చలామణిలో ఉంది: "30 శాతం మారిస్తే చాలు, కాపీ కింద రాదు." కొందరు 20 అంటారు, కొందరు 10 అంటారు. చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు. శాతం కొలిచే టేపు ఎవరి దగ్గరుందో నాకైతే తెలియదు. కాపీరైట్ మీద 1886లో కుదిరిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. దాని ప్రకారం హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మూలన వాటర్‌మార్క్ అక్కర్లేదు. ఒక కృతిని వేరే రూపంలోకి మార్చడానికి ఒప్పుకునే హక్కు కూడా దాన్ని సృష్టించినవాళ్లదే.

కొండ ఎవరి సొత్తూ కాదు, సూర్యోదయం అసలే కాదు. అదే చోటుకు వెళ్లి మీ కంటితో చూసి వేసుకుంటే ఎవరూ అడగరు. అయితే ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు, ఏది లోపల ఉండాలి, ఏది బయట అన్న ఎంపిక ఫోటో తీసినవాళ్లది. ఈ ఎంపిక విలువ ఎంతో 2012లో ఇంగ్లండులో ఒక కేసు తేల్చింది. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద ఎర్ర బస్సు, వెనక పార్లమెంటు భవనం నలుపు తెలుపుల్లో, ఇదీ మొదటి ఫోటో. ఆ ఆలోచనతో మరొకరు వేరే ఫోటోలతో అలాంటి చిత్రాన్నే తయారుచేస్తే అదీ ఉల్లంఘనే అన్నారు. ఫోటోగ్రాఫర్ జింగ్నా జాంగ్ తీసిన ఒక మోడల్ ఫోటో పోలికతో లక్సెంబర్గ్‌లో ఒక చిత్రకారుడు పెయింటింగ్ వేశారు. 2022లో కింది కోర్టులో ఆమె ఓడిపోయారు, 2024 మే నెలలో అప్పీలు కోర్టులో గెలిచారు. మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ పెయింటింగ్ ఒక ప్రదర్శనలో బహుమతి పొందింది. బహుమతి ఇచ్చిన నిర్వాహకుల పేరు కూడా వార్తల్లోకెక్కింది. ఇది మనిషి ఫోటో విషయం. ల్యాండ్‌స్కేప్ దగ్గర గీత ఎక్కడ గీస్తారన్నది దేశాన్ని బట్టి, కేసును బట్టి మారుతుంది. అలా మారుతుంది కాబట్టే ముందే అడిగి రాసిపెట్టుకోవడం అందరికీ క్షేమం.

ఇప్పుడున్న పద్ధతి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది చెబుతాను.

1. చెప్పినవాళ్లు బయట, దాచినవాళ్లు లోపల. మీ ఫారంలో "ఇది నా ఒరిజినల్ కృతి అని ధృవీకరిస్తున్నాను" అని ఒక గడి ఉంటుంది. ఒరిజినల్ అంటే ఏమిటో ఎక్కడా ఉండదు. సొంత ఫోటో చూసి వేస్తే ఒరిజినలేనా? నాలుగు ఫోటోలు కలిపి వేస్తే? కాపీరైట్ గడువు తీరిన పాత పోస్టుకార్డు చూసి వేస్తే? ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుని టిక్కు పెడుతున్నారు. చెబితే పోతుందని ఒకసారి అర్థమయ్యాక మరుసటి ఏడాది ఎవరు చెబుతారు? నాకు తెలిసినవాళ్లే "పిచ్చిగానీ, ఎందుకు రాశావ్? రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని సలహా ఇచ్చారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న పద్ధతిని మీ ఫారమే నేర్పుతోంది.

2. కదల్లేనివాళ్లకు ఉన్న ఒక్క దారి మూసుకుపోతోంది. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, సెలవు దొరకనివాళ్లు, దొరికినా డబ్బు లేనివాళ్లు. "అక్కడికి వెళ్లి చూసి వేయండి" అనడం సులువే. మంచు కొండ ముందు స్టాండు పెట్టుకుని వేయగలిగినవాళ్లకే ల్యాండ్‌స్కేప్ విభాగం అయితే ఆ మాట ఫారం మీద స్పష్టంగా రాయండి, ఎంట్రీ ఫీజు కట్టకముందే తెలుసుకుంటాం. వంటింటి కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎవరో పంపిన ఫోటోలో ఎడారిని చూస్తూ రంగులు కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆ ఎడారి ఎవరి ద్వారా వచ్చిందో చెప్పుకోవడానికి సిగ్గు లేదు. సిగ్గుపడేలా చేస్తున్నది మీ నిబంధన.

3. ఫోటో తీసినవాళ్ల పేరు మాయమవుతోంది. చలిలో తెల్లవారకముందే లేచి, మేఘం విడిచేదాకా కూర్చుని తీసిన ఫోటో వాళ్లది. అది బొమ్మగా, ఆ బొమ్మ క్యాలెండరుగా, గ్రీటింగ్ కార్డుగా అమ్ముడవుతుంటే వాళ్లకు కబురు కూడా ఉండదు. వాటర్‌మార్క్ ఉన్న మూలను కత్తిరించి పెయింటింగ్ వేయడం ఇప్పుడు మామూలైపోయింది. కొందరు విసిగిపోయి పెద్ద సైజు ఫోటోలు పెట్టడమే మానేశారు, పెట్టినా మధ్యలో అడ్డంగా పేరు వేస్తున్నారు. ఆ నష్టం తిరిగి మాకే.

4. కొనుక్కున్నవాళ్లు ఇరుక్కుంటున్నారు. ప్రదర్శనలో బొమ్మ కొన్న మనిషి మీ పేరు చూసి నమ్మి కొంటాడు. దాన్ని ఆఫీసు బ్రోషర్ మీద వేసుకున్నాక ఎక్కడో ఫోటోగ్రాఫర్ లాయర్ నుంచి ఉత్తరం వస్తే ఆ టెన్షన్ ఎవరిది?

5. నేర్చుకునే పిల్లలు తప్పు అలవాటుతో మొదలుపెడుతున్నారు. "నెట్‌లో ఏదో ఒక సీనరీ చూసి వేసుకురా" అనే మాట డ్రాయింగ్ క్లాసులో మామూలే. ఇంట్లో సాధన కోసం వేసుకుంటే ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. పోటీకి పంపేటప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీ ఫారంలో ఒక్క ప్రశ్న ఉంటే టీచరూ నేర్చుకుంటారు, పిల్లలూ నేర్చుకుంటారు.

"ఫోటోగ్రాఫర్లు జవాబివ్వరండీ, ఎంతకని ఎదురుచూస్తాం" అనేవాళ్లకు నా సమాధానం ఇదే. జవాబు రాకపోతే అది ఒప్పుకోలు కాదు, వేరే ఫోటో చూసుకోవాలి. దారులు చాలానే ఉన్నాయి. 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చిన దగ్గర్నుంచి ముందుగానే అనుమతి రాసిపెట్టిన ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫోటోల సైటులోనే కొండలు, నదులు, తీరాలు కావలసినన్ని. క్రియేటివ్ కామన్స్ ఫోటోల్లో చాలావాటికి పేరు చెబితే చాలు. "నాన్ కమర్షియల్" అని ఉంటే వేసిన బొమ్మను అమ్మకూడదు. "నో డెరివేటివ్స్" అని ఉంటే దాని ఆధారంగా వేసి బయట పెట్టకూడదు, సొంతంగా అనుమతి తెచ్చుకుంటే తప్ప. "షేర్ అలైక్" అయితే మన బొమ్మకూ అదే లైసెన్స్ ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలు అర్థం చేసుకోవడానికి లాయర్ అక్కర్లేదు.

మాటలో మాట. ప్రయాణాల ఫోటోలు తీసే మిత్రులు కూడా ఇది చదువుతుంటే ఒక చిన్న విన్నపం. "చూసి పెయింటింగ్ వేసుకోవచ్చు, పేరు చెప్పండి" అనో, "వద్దు" అనో, "అమ్మేటట్టయితే ముందు అడగండి" అనో మీ పేజీలో ఒక వాక్యం రాసిపెట్టండి. ఏది రాసినా మాకు మేలే.

నిర్వాహకులను నేను అడుగుతున్నవి ఇవి.

1. ఎంట్రీ ఫారంలో "ఈ బొమ్మకు ఆధారం ఏమిటి?" అన్న ప్రశ్న చేర్చండి. కింద గడులు: అక్కడే కూర్చుని చూసి వేసింది, సొంత ఫోటో, ఇతరుల ఫోటో అనుమతితో, లైసెన్స్ ఉన్న ఫోటో, కాపీరైట్ గడువు తీరిన చిత్రం, కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ, పూర్తిగా ఊహ. అందరికీ ఇదే ప్రశ్న, తప్పనిసరిగా.

2. "ఒరిజినల్" అంటే మీ లెక్కలో ఏమిటో రెండు వాక్యాల్లో ఫారం మీదే అచ్చువేయండి. ఇతరుల ఫోటో చూసి వేసినవి అసలు వద్దనుకుంటే అదీ రాయండి, మీ ఇష్టం. కానీ అప్పుడు అందరికీ ఆ నియమమే వర్తించాలి, ఒప్పుకున్నవాళ్లకు మాత్రమే కాదు.

3. ఆధారం ఫోటో అయినప్పుడు దాని నకలు, అనుమతి పత్రం జతచేయమనండి. న్యాయనిర్ణేతలు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. చిత్రకారుడు ఏం మార్చాడు, ఏం వదిలేశాడు, ఏం కనిపెట్టాడు అన్నది అప్పుడే తెలుస్తుంది. ఉన్నదున్నట్టు దింపినవాళ్లకు మార్కులు తగ్గించడానికీ మీకు ఆధారం దొరుకుతుంది.

4. గోడ మీది లేబుల్‌లో, క్యాటలాగ్‌లో ఫోటోగ్రాఫర్ పేరు వేయండి. భూతద్దం పెట్టి చూసే అక్షరాల్లో వద్దు.

5. ప్రదర్శనకు ఇచ్చిన అనుమతి, అమ్మకానికి ఇచ్చిన అనుమతి వేరువేరని గుర్తించండి. ప్రింట్లు, కార్డులు, క్యాలెండర్లు వేసేముందు రెండోది ఉందో లేదో అడగండి.

6. ఫిర్యాదు వస్తే ఎవరికి పంపాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు అన్నది రాసిపెట్టండి. తిప్పి పంపిన ప్రతి బొమ్మకూ కారణం ఒక వాక్యంలో చెప్పండి. "ఒరిజినల్ కాదు" అన్నది కారణం కాదు, ముద్ర.

వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడుకున్నది కాదు. మొదటిదానికి ఫారంలో నాలుగైదు లైన్లు చాలు. పాత ఫలితాలు తిరగదోడమని, ఎవరి బహుమతి అయినా వెనక్కి తీసుకోమని అడగడం లేదు. నా బొమ్మను మళ్లీ చూడమనీ అడగడం లేదు.

వచ్చే పోటీ ఫారం అచ్చుకు వెళ్లేలోపు మీ నిర్ణయం తెలియజేయండి. ఆధారం ప్రశ్న ఎలా ఉండాలో నమూనా కావాలంటే నేనే టైపు చేసి పంపుతాను. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో రాయండి, దాన్ని కూడా ఈ లేఖ చదివినవాళ్లందరికీ ఉన్నదున్నట్టుగా వినిపిస్తాను. అప్పటిదాకా నేను పంపే ప్రతి ఎంట్రీ మీదా, మీ ఫారంలో చోటు లేకపోయినా, ఫోటోగ్రాఫర్ పేరు మార్జిన్‌లో రాసే పంపుతాను.

ఇట్లు,
ఇతరుల ఫోటోలు చూసి, వాళ్లను అడిగి, ల్యాండ్‌స్కేప్‌లు వేసే ఒక చిత్రకారిణి